ఖాళీగా ఉండాల్సిన ట్యాంకు: వాననీటిపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కట్టడాలు వచ్చిన నేల మీద కురిసిన వాననీటిని కాసేపు ఆపి, తర్వాత మెల్లగా వదిలే డిటెన్షన్ ట్యాంకుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాము. పోలికగల ప్రశ్నలను ఒకటిగా కలిపాము.

ప్రశ్న: సుమారు రెండు ఎకరాల్లో ఉన్న మా అపార్టుమెంట్ల సముదాయంలో ఎనిమిది ఇంకుడు గుంతలు ఉన్నాయి. అయినా గట్టి వాన పడిన ప్రతిసారీ గేటు ముందు మోకాలి లోతు నీరు నిలిచి, సెల్లారులోకి దిగుతోంది. రెండు లక్షల లీటర్లకు పైబడిన డిటెన్షన్ ట్యాంకు కట్టుకోవాలని ఒక ఇంజనీరు సలహా ఇచ్చారు. గుంతలూ సంపూ ఉండగా మళ్లీ ఇదెందుకని సభ్యులు అడుగుతున్నారు. వారికి ఏమని చెప్పాలి?
– అపార్టుమెంట్ సంఘం కార్యదర్శి, నిజాంపేట

జవాబు: మీ సభ్యులు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఇంకుడు గుంత, సంపు, డిటెన్షన్ ట్యాంకు మూడూ వాననీటిని పట్టేవే అయినా వాటి పనులు వేరు. ఇంకుడు గుంత నీటిని భూమిలోకి పంపుతుంది. సంపు వాడకం కోసం దాచిపెడుతుంది. డిటెన్షన్ ట్యాంకు మాత్రం నీటిని కొన్ని గంటలు ఆపి, బయటి కాలువ మోయగలిగినంత వేగంతోనే వదులుతూ, తర్వాతి వాన వచ్చేలోగా మళ్లీ ఖాళీ అవుతుంది. అందులో విలువైనది నిలిచిన నీరు కాదు, వాన మొదలయ్యే వేళకు ఉన్న ఖాళీ చోటు.

లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. రెండు ఎకరాలంటే దాదాపు 8,000 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన హైదరాబాదుకు కొత్త కాదు. అంత వాన కురిస్తే మీ ఆవరణలో పడే నీరు 4 లక్షల లీటర్లు. ఆ నేల గడ్డితో, పొదలతో ఖాళీగా ఉన్న రోజుల్లో అందులో 30 శాతం, అంటే 1,20,000 లీటర్లు బయటికి పారేవనుకుందాం. ఇప్పుడు డాబాలు, సిమెంటు రోడ్లు, పార్కింగు టైల్సు పరచుకున్న తర్వాత 80 శాతం, అంటే 3,20,000 లీటర్లు పారుతాయి. ఇంజనీర్లు సాధారణంగా ఇటువంటి నేలలకు వాడే గుణకాలివే. వేగంలో చెప్పాలంటే మునుపు సెకనుకు 33 లీటర్లు వచ్చే చోట ఇప్పుడు 89 లీటర్లు వస్తున్నాయి. మీ గేటు ముందు కాలువ మాత్రం మునుపటిదే. అదనంగా వచ్చిన ఆ 2 లక్షల లీటర్లను ఎక్కడో ఒకచోట ఆపాలి. మీరు ఆపకపోతే రోడ్డూ, మీ సెల్లారూ, పల్లంలోని ఇళ్లూ ఆపుతాయి.

ఇప్పుడు గుంతల సంగతి. రెండు మీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు ఉన్న గుంతలో కంకర నింపాక నీటికి మిగిలే చోటు సుమారు 3,000 లీటర్లే. ఎనిమిదీ కలిపితే 24,000 లీటర్లు. హైదరాబాదు ప్రాంతంలో చాలా చోట్ల పలుచటి మట్టి, మొరం కిందే గ్రానైటు రాయి తగులుతుంది కనుక, వాన జోరుగా పడుతున్న ఆ గంటలో గుంతలోంచి ఇంకిపోయే నీరు స్వల్పం. దీనివల్ల గుంతలు వ్యర్థమని అనుకోవద్దు. ఏడాది పొడవునా పడే చిన్న వానలను భూమికి చేర్చడంలో వాటికి సాటి లేదు, వాటిని పూడ్చకండి. కుండపోత వానను ఆపమని వాటిని అడగడమే పొరపాటు.

ట్యాంకు పనితీరు మన ఊరి చెరువును ఎరిగిన వారికి తేలికగా అర్థమవుతుంది: కింద ఒక తూము, పైన ఒక అలుగు. తేడా ఏమిటంటే ఈ తూముకు తలుపు ఉండదు, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మీ రెండెకరాలకు సరిపడే తూము ఎంతో తెలిస్తే మీ సభ్యులు ఆశ్చర్యపోతారు. ట్యాంకులో రెండు మీటర్ల నీరు నిలిచినప్పుడు నాలుగు అంగుళాల వ్యాసం ఉన్న రంధ్రం సెకనుకు సుమారు 30 లీటర్లు వదులుతుంది. అంటే మీ స్థలం ఖాళీ భూమిగా ఉన్నప్పటి ప్రవాహానికి ఇది దాదాపు సమానం. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకు రెండు మీటర్ల మేర నిండితే ఆ రంధ్రం ద్వారా మూడున్నర గంటలు దాటాక ఖాళీ అవుతుంది. నీటిమట్టం తక్కువగా ఉన్నప్పుడు రంధ్రం వదిలే నీరూ తక్కువే. అర మీటరు నీరున్నప్పుడు సెకనుకు 15 లీటర్లే పోతాయి. కాబట్టి ట్యాంకు నిండుతున్న తొలి నిమిషాల్లో బయటికి పోయేది లెక్కలో వేసినదానికన్నా తగ్గుతుంది. అందుకే మీ ఇంజనీరు రెండు లక్షలకు పైబడిన సామర్థ్యం చెప్పి ఉంటారు. ఆయన మాట సబబైనదే.

అయితే తవ్వకం మొదలుపెట్టే ముందు రెండు పనులు చేయించండి. మొదటిది మట్టాల సర్వే. ట్యాంకు అడుగు కన్నా బయటి నాలాలో నీటిమట్టం ఎత్తుగా ఉంటే నీరు బయటికి పోవడానికి బదులు వెనక్కి తన్నుతుంది. ఆ చోట ఒకవైపే తెరుచుకునే ఫ్లాప్ వాల్వు కావాలి, లేదా ట్యాంకును తక్కువ లోతుతో వెడల్పుగా కట్టాలి. రెండవది, డాబాల మీది పైపులూ ఆవరణలోని కాలువలూ నిజంగా ట్యాంకు దాకా వస్తాయో లేదో చూడటం. సగం డాబాల నీరు నేరుగా రోడ్డు మీదికి పోతూ ఉంటే ఎంత పెద్ద ట్యాంకు కట్టినా ఫలితం సగమే. సెల్లారు ర్యాంపు మొదట్లో రోడ్డు మట్టం కంటే ఎత్తుగా ఒక గట్టు కూడా పోయించండి; బయటి నీరు లోపలికి దిగకుండా చూడటం ట్యాంకు పని కాదు.

ప్రశ్న: వేసవిలో నీళ్ల ట్యాంకర్లకు ఎంతో ఖర్చు పెడుతున్నాము. అంత పెద్ద ట్యాంకు కట్టి అందులో నీటిని వదిలేయడం మనసుకు ఒప్పడం లేదు. నింపి ఉంచుకుని వాడుకోకూడదా?
– ఒక గృహిణి, మియాపూర్

జవాబు: అమ్మా, మీ బాధ అర్థమైంది. నీటిని కొనుక్కునే వారికి నీటిని వదిలేయమని చెప్పడం కష్టమే. కానీ ట్యాంకును నింపి ఉంచితే, తర్వాతి వాన పడే రోజుకు మీకు డిటెన్షన్ ట్యాంకు ఉండదు, నిండిన సంపు మాత్రమే ఉంటుంది.

ఈ చిక్కు మన నగరానికి పాతదే. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తర్వాత, నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వరదను నగరానికి ఎగువనే ఆపే జలాశయాలు కట్టాలని సూచించారు. ఆ ఆలోచన నుంచి వచ్చినవే మూసీ మీద 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, మూసీ ఉపనది ఈసీ మీద 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. వాటి నుంచే నగరానికి తాగునీరూ అందింది. తాగునీటి అవసరం జలాశయం నిండుగా ఉండాలంటుంది, వరద రక్షణ ఖాళీగా ఉండాలంటుంది. ఆ రెంటినీ సమన్వయం చేయడానికి అక్కడ గేట్లు ఉన్నాయి, ఎగువ నుంచి వచ్చే ప్రవాహాన్ని చూసి వాటిని ఎత్తే సిబ్బంది ఉన్నారు. మీ అపార్టుమెంట్లో అర్ధరాత్రి మబ్బు పట్టినప్పుడు లేచి వాల్వు తిప్పే మనిషి ఎవరు? ఆ మనిషి మీద ఆధారపడే ఏర్పాటు ఎప్పుడో ఒకనాడు విఫలమవుతుంది.

రెండు అవసరాలూ తీరే దారి ఒకటుంది. ట్యాంకును మూడు మీటర్ల లోతుతో కట్టి, తూము రంధ్రాన్ని అడుగు నుంచి ఒక మీటరు ఎత్తులో పెట్టండి. రంధ్రానికి దిగువనున్న మీటరు నీరు మీది. పది మీటర్ల పొడవు, వెడల్పు ఉన్న ట్యాంకులో అది లక్ష లీటర్లు. వడపోసి తోటకు, నేల కడగడానికి, మరుగుదొడ్ల ఫ్లష్‌లకు వాడుకోవచ్చు. పైనున్న రెండు మీటర్లు వానది, దాన్ని తాకకూడదు. ఎవరైనా డిజైనరు పూర్తి మూడు మీటర్లనూ వరద నిల్వగా చూపిస్తే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

ప్రశ్న: మాది పల్లంలో ఉన్న చిన్న ఇల్లు. రెండేళ్ల క్రితం ఎగువన పెద్ద లేఅవుట్ వచ్చింది. అప్పటి నుంచి వానకాలంలో మా వీధి మునుగుతోంది. అడిగితే, మా అనుమతులన్నీ సక్రమంగానే ఉన్నాయనీ, బయటికి పెద్ద పైపు కూడా వేశామనీ అంటున్నారు. మాకు దారేమిటి?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: వారు వేసిన పెద్ద పైపే మీ వీధి మునగడానికి కారణం కావచ్చు. మట్టి మీద నెమ్మదిగా పారి, దారిలో కొంత ఇంకి, కొంత గుంటల్లో నిలిచి, చివరికి గంటల తరబడి కొద్దికొద్దిగా మీ వైపు వచ్చే నీరు ఇప్పుడు నునుపైన పైపులో పడి నిమిషాల్లో మీ ముంగిటికి వస్తోంది. పైపు పెద్దదైతే వారి ఆవరణ ఆరుతుంది, మీది మునుగుతుంది. ఎగువన ఉన్నవారు తమ నేల నుంచి మునుపు ఎంత వేగంతో నీరు పోయేదో అంతకు మించి వదలకూడదన్నది డిటెన్షన్ ట్యాంకు వెనకనున్న అసలు న్యాయం, ఇది ఇంజనీరింగు సూత్రమే కాదు, ఇరుగుపొరుగు ధర్మం కూడా అని నేను గట్టిగా నమ్ముతాను.

సింగపూరు దీన్ని నిబంధనగా మార్చింది. 2010లో అక్కడి ప్రధాన వ్యాపార వీధి ఆర్చర్డ్ రోడ్డు మునిగింది. 2014 జనవరి నుంచి 0.2 హెక్టార్లు, అంటే మన లెక్కలో సుమారు అర ఎకరం, అంతకు మించిన స్థలంలో కొత్తగా కట్టేవారు గానీ తిరిగి కట్టేవారు గానీ తమ ఆవరణ నుంచి బయటికి పోయే గరిష్ఠ ప్రవాహాన్ని తగ్గించే ఏర్పాటు చేసుకోవాలని అక్కడి జల సంస్థ పీయూబీ ఆదేశించింది. ఆ తగ్గింపు 25 నుంచి 35 శాతం దాకా ఉంటుంది. ప్రజల సొమ్ముతో కట్టిన ట్యాంకులూ ఉన్నాయి. 2018లో పూర్తయిన స్టాంఫర్డ్ డిటెన్షన్ ట్యాంకు 38,000 ఘనపు మీటర్ల నీటిని పడుతుంది. హాంకాంగులో ఆటమైదానాల కింద లక్ష ఘనపు మీటర్ల తాయ్ హాంగ్ తుంగ్ ట్యాంకు, 60,000 ఘనపు మీటర్ల హ్యాపీ వ్యాలీ ట్యాంకు ఉన్నాయి. ముంబైలో ఏటా మునిగే హిందమాతా ప్రాంతం కోసం ఉద్యానవనం కింద నిల్వ ట్యాంకులు కట్టారు. హైదరాబాదులోనూ రాజ్‌భవన్ రోడ్డు, ఖైరతాబాద్ పరిసరాల్లో నీరు నిలిచే చోట్ల రోడ్ల పక్కన ఇటువంటివి కట్టడం మొదలైంది. అయితే రోడ్డు మీదికి వచ్చేసిన నీటిని ప్రజాధనంతో పట్టడం కన్నా, ఆవరణ దాటకముందే పట్టడం చవక. మన దగ్గర ఇంకుడు గుంతల గురించి నిబంధనలున్నాయి. ఆవరణ నుంచి సెకనుకు ఎన్ని లీటర్లు బయటికి వదలవచ్చునన్న పరిమితి కూడా ప్రతి లేఅవుట్ అనుమతిలో రాయాలి.

ఇక మీరు చేయగలిగింది. సమాచార హక్కు చట్టం కింద ఆ లేఅవుట్ డ్రైనేజి ప్లానునూ, అభివృద్ధికి ముందూ తర్వాతా బయటికి పోయే గరిష్ఠ ప్రవాహపు లెక్కలనూ అడగండి. అటువంటి లెక్కే వేయలేదని జవాబు వస్తే అదే మీ ఫిర్యాదుకు బలం. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ పరిధిలోని సీపీహెచ్ఈఈఓ (కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజనీరింగు సంస్థ) 2019లో వెలువరించిన వాననీటి పారుదల మాన్యువల్‌ను మీ అర్జీలో ప్రస్తావించండి. వాన పడుతున్నప్పుడు ఆ పైపు నోటి దగ్గర సమయం కనిపించేలా వీడియోలు తీసి ఉంచండి. వాన మొదలైన ఎన్ని నిమిషాలకు మీ వీధికి నీరు చేరిందో తెలిపే ఆధారానికి చాలా విలువ ఉంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఎక్కడ పడితే అక్కడ ట్యాంకు పెట్టినా మేలే జరుగుతుందని అనుకోకూడదు. ఒక నాలా చివరి భాగంలో, చెరువుకు దగ్గరగా ఉన్న స్థలం తన నీటిని త్వరగా పంపేస్తే ఎగువ వరద వచ్చేలోగా అది వెళ్లిపోతుంది. దాన్ని గంటసేపు ఆపి వదిలితే సరిగ్గా ఎగువ నుంచి వచ్చే పోటుతో కలిసి మట్టం పెంచవచ్చు. అందుకే ఈ లెక్క ఒక్కో ఆవరణకు విడిగా కాకుండా, మొత్తం నాలా పరీవాహకానికి కలిపి వేయాలి. ఆ పని నగరపాలక సంస్థలదే.

ప్రశ్న: విజయవాడలో మా వీధికి 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చింది. ఇప్పుడు కొత్త ఇల్లు కట్టుకుంటున్నాము. కింద డిటెన్షన్ ట్యాంకు కడితే ఇటువంటి వరద నుంచి రక్షణ ఉంటుందా?
– ఒక పాఠకుడు, అజిత్‌సింగ్‌నగర్

జవాబు: ఉండదండీ. మీ స్థలంలో పడిన వాననే ఆ ట్యాంకు ఆపుతుంది. వందల చదరపు కిలోమీటర్ల నుంచి చేరి, కట్టలకు గండ్లు పడి ఊరి మీదికి వచ్చిన వాగును ఏ ఇంటి ట్యాంకూ ఆపలేదు. దానికి డైవర్షన్ కాలువ సామర్థ్యం, కట్టల బలం, ఆక్రమణలు లేని వాగు కావాలి. మీరు ఇంటి పునాది మట్టాన్ని ఆ వరద జాడ కన్నా ఎత్తులో పెట్టుకోండి, ఖర్చు అక్కడ పెట్టండి.

మీ ప్రాంతానికి ఇంకొక సమస్య ఉంది. వానకాలంలో భూగర్భ జలం నేలకు చాలా దగ్గరగా వస్తుంది. నీరున్న నేలలో పాతిన ఖాళీ ట్యాంకును ఆ నీరు పైకి నెడుతుంది. పది మీటర్ల పొడవు, వెడల్పుతో రెండు మీటర్ల లోతున్న ట్యాంకు మీద ఈ ఎత్తుడు బలం 200 టన్నులు దాటుతుంది. అడుగు దిమ్మె బరువు చాలకపోతే గోడలు పగులుతాయి, పైపులు తెగుతాయి. కనుక కోస్తా జిల్లాల్లో, ముఖ్యంగా డెల్టాలో, లోతైన ట్యాంకు బదులు ఆవరణలోని పచ్చిక నేలను అడుగు, అడుగున్నర పల్లంగా ఉంచి నీటిని పైనే ఆపుకోవడం మంచిది. వాన వెలిసిన కొన్ని గంటలకు అదే తోట మళ్లీ తోటగా ఉంటుంది. బయటి కాలువ మట్టం ఎత్తుగా ఉండి పంపు తప్పనిసరైతే, వాన జోరు మీద ఉన్నప్పుడే కరెంటు పోతుందని గుర్తుంచుకుని డీజిలు పంపు కూడా పెట్టుకోండి.

ప్రశ్న: సిడ్నీ పడమటి భాగంలో ఇల్లు కొన్నాము. పెరటిలో పల్లంగా ఒక చోటు ఉంది, దాని చివర ఇనుప జాలీతో ఒక గుంత. దీన్ని పూడ్చకూడదని ఇంటి దస్తావేజులోనే షరతు ఉంది. మట్టి పోసి చదును చేసి పిల్లలకు ఆటస్థలం చేయాలని మావారి ఆలోచన. చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఆస్ట్రేలియా

జవాబు: చేయవద్దని మీవారికి చెప్పండి. ఆ పల్లమే మీ డిటెన్షన్ నిల్వ, జాలీ కింద ఉన్న గుంతలో లెక్క ప్రకారం రంధ్రం చేసిన ఒక లోహపు పలక ఉంటుంది. అప్పర్ పర్రమట్టా నది పరీవాహకంలో 1991 నుంచే ఈ విధానం అమలులో ఉంది. హెక్టారుకు 470 ఘనపు మీటర్ల నిల్వ, సెకనుకు 80 లీటర్లకు మించని విడుదల అన్నది తొలి ఏళ్లలో అక్కడ స్థిరపడిన కొలత. ఆ లెక్కన 600 చదరపు మీటర్ల స్థలానికి అది సుమారు 28 ఘనపు మీటర్ల నిల్వ, సెకనుకు 5 లీటర్లకు లోపు విడుదల అవుతుంది. షరతు భూమి హక్కుతోనే వస్తుంది కాబట్టి కొన్నవారే దాన్ని పాటించాలి. మార్పు కావాలంటే మీ కౌన్సిల్ అనుమతితో అంతే నిల్వను మరోచోట చూపాలి. ఆ పల్లంలో పచ్చిక పెంచితే పొడి రోజుల్లో పిల్లలు అక్కడే ఆడుకోవచ్చు, వాన పడుతున్నప్పుడు మాత్రం వారిని దాని దగ్గరికి పోనివ్వకండి.

ప్రశ్న: మా సముదాయంలో నాలుగేళ్ల క్రితం కట్టిన ట్యాంకు ఉంది. ఇప్పుడు దోమలు, దుర్వాసన. నిరుడు చిన్న వానకే పొంగింది. దీన్ని మూసేయాలని కొందరు అంటున్నారు.
– సంఘం సభ్యురాలు, విశాఖపట్నం

జవాబు: మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఒకే కారణం వైపు చూపుతున్నాయి: తూము రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. నాలుగు అంగుళాల రంధ్రానికి ఒక పాలిథిన్ సంచి చాలు. అప్పుడు నీరు పోయే దారి లేక నిలుస్తుంది, నిలిచిన నీటిలో దోమలు పెరుగుతాయి, ముందే నిండి ఉన్న ట్యాంకు చిన్న వానకే పొంగుతుంది. దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం, పది రోజులు పడుతుంది కనుక కొన్ని గంటల్లో ఖాళీ అయ్యే ట్యాంకులో దోమలు పెరగలేవు. వాసన మురుగుదైతే ఏదో ఒక ఫ్లాటు మురుగు పైపు వాననీటి లైనులో కలిసి ఉంటుంది. రంగు నీరు పోసి ఏ లైను ఎక్కడ తేలుతుందో కనిపెట్టి దాన్ని విడదీయించండి.

ట్యాంకును మూసేయడం కన్నా బాగు చేయడం తేలిక. రంధ్రానికి ముందు దాని వైశాల్యానికి ఎన్నో రెట్లు పెద్దదైన జాలీ తెర ఉండాలి, తెర పైకి తీసి కడిగేలా ఉండాలి. నీరు ట్యాంకులోకి వచ్చే చోట ఇసుక, ఆకులు దిగే చిన్న గది ఉండాలి. అది లేకపోతే ముందుగా అదే కట్టించండి, ఎందుకంటే పూడిక ఒక్కో అంగుళం పెరిగే కొద్దీ మీ ఖాళీ చోటు అంతమేర తగ్గుతుంది. నైరుతి రుతుపవనాల ముందు మే నెలలో ఒకసారి, మీ తీరానికి అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల బెడద ఉంది కనుక సెప్టెంబరు చివర మరోసారి శుభ్రం చేయించండి. పెద్ద వాన పడిన మర్నాడు మూత తీసి, పైనుంచే టార్చితో చూసి, నీటిమట్టం ఒక పుస్తకంలో రాయండి. గోడ మీద మీటర్లు, సెంటీమీటర్ల గుర్తులు పెయింటు చేయిస్తే వాచ్‌మన్ కూడా చదవగలడు. వాన వెలిసిన రోజు తర్వాత కూడా నీరుందంటే తూము దగ్గర ఏదో అడ్డుపడినట్టే.

ఒక విషయంలో మాత్రం రాజీ పడకండి. పూడిక తీయడానికి మనిషిని అందులోకి దింపవద్దు. మూసి ఉన్న ట్యాంకులో కుళ్లిన ఆకులు, కలిసిన మురుగు వల్ల విషవాయువులు చేరతాయి, గాలిలో ప్రాణవాయువు తగ్గుతుంది. దిగిన మొదటి మనిషి పడిపోతే, కాపాడబోయి దిగిన రెండవ మనిషి కూడా పోయిన దుర్ఘటనలు మన రాష్ట్రాల్లో ఎన్నో జరిగాయి. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మీ ట్యాంకులో మురుగు కలుస్తోందన్న అనుమానం ఉన్నప్పుడు దాన్నీ అలాగే చూడాలి. పీల్చే యంత్రం ఉన్న వాహనాన్ని పిలిపించి, మూతలన్నీ తెరిచి, పైనుంచి నీటిని జెట్‌తో కొట్టి పూడికను కదిలించి లాగించండి. ట్యాంకుకు ఒకటే మూత ఉంటే, ఎదురు మూలన రెండవది పెట్టించడానికి ఈ వేసవిలోనే పని మొదలుపెట్టండి.